ముళ్ళపందికి నాలుగు పెన్నీలు

మూడు తాళాల పెట్టె అది.
ఒక తాళంచెవి పాదిరి దగ్గర, తక్కిన రెండూ
ఊరి పెద్దలిద్దరి దగ్గర ఉండేవట ఒకప్పుడు.
ఇప్పుడు మూడూ ఒకే దారానికి గుచ్చి
ఎనిడ్ స్కుడమోర్ కోటు జేబులో,
కుక్క బిస్కెట్లతో పాటు.
"ఇవన్నీ కౌంటీ ఆఫీసుకు పంపేయాల్సినవే,
రేపో మాపో పంపేస్తా" అంది.
ఆ రేపు ఎంత పాతదో
మూత మీది బూజు చెప్పింది.

కవెంట్రీలో రైలెక్కి, దిగి, రెండు బస్సులు మారి వచ్చాను.
ముప్పై నాలుగేళ్ళు కట్టుడుపళ్ళు చేసినదాన్ని,
నోరు చూసి వయసు చెప్పగలను.
మా వాళ్ళ వయసులే తెలియవు.
అమ్మ పోయాక బొత్తాల డబ్బా అడుగున
పెన్సిలుతో ఒక్క ముక్క:
'మనం లిటిల్ హాల్విక్ ప్రాసర్లం.'
మనం అట.
ఎవరం?

తోలు అట్ట తెరిస్తే తడిసిన గొర్రె వాసన.
సిరా ఇటుకరంగుకి తిరిగింది.
ఒక గుమాస్తా అక్షరాలు చలికి ముడుచుకున్నట్టు,
అతని తర్వాతివాడివి తాగి నడిచినట్టు.
ప్రాసర్ ఆన్. ప్రాసర్ జాన్. మళ్ళీ జాన్,
మొదటి జాన్ పోయిన పదకొండో వారానికి
అదే పేరు, ఉతికి ఆరేసి
కొత్త బిడ్డకు తొడిగినట్టు.

పెళ్ళిళ్ళ పుస్తకంలో ఎవరిదో పెళ్ళికి సాక్షిగా
కెజీయా ప్రాసర్ గీసిన ఇంటూ గుర్తు.
ఒక కాలు పొడుగు. కాగితం చిరిగేంత నొక్కింది.
వెనక పేజీలో అది ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది,
కళ్ళు మూసుకుని తడిమాను.

ఆమె కొడుకు కోసమే వచ్చాను.
అతని పెళ్ళి పక్క ఊళ్ళో దొరికింది:
ఎనాక్ ప్రాసర్, కెజీయా కొడుకు.
చావూ దొరికింది, జలుబు ముదిరి.
బాప్తిస్మం ఉండాల్సిన చోట
తొమ్మిదేళ్ళు ఎలుకలు తినేశాయి.
పేజీ అంచు పొడుగునా పంటిగాట్లు,
నేను కాకపోతే ఇంకెవరు గుర్తుపడతారు!

ఎనిడ్ ఫ్లాస్కులోంచి టీ ఒంపింది.
"తండ్రి పేరు చెప్పలేని పిల్లలు
జమాఖర్చుల్లో దొరుకుతారు ఒక్కోసారి" అని
సన్నటి పొడుగాటి పుస్తకం నావైపు తోసింది.

గంట తాడుకు రెండు షిల్లింగులు.
పాదిరి తెల్లంగీ ఉతికినందుకు
బోడెన్‌హామ్ భార్యకు ఎనిమిది పెన్నీలు.
మూడు డజన్ల పిచ్చుక తలలకు ఆరు.
గింజలు తింటాయని పిచ్చుకలకూ,
పడుకున్న ఆవుల పాలు రాత్రిళ్ళు తాగేస్తాయని
ముళ్ళపందులకూ
చర్చి గుమ్మంలో వెల కట్టేవారట.
ఆ కింద, పదిహేడువందల డెబ్భై మూడు, ఏప్రిల్:
'కెజీయా కుర్రాడికి,
ముళ్ళపంది ఒకటి తెచ్చినందుకు,
నాలుగు పెన్నీలు.'

అంతే.
పేరైనా రాయలేదు.
చచ్చిన జంతువును పట్టుకుని
మా తాతల తాతకు తాత
గుమ్మంలో నిలబడి ఉన్నాడు.
ముళ్ళు గుచ్చుకోకుండా ఎలా తెచ్చాడో?
చొక్కా విప్పి చుట్టాడా?
చొక్కా ఉందా?
నాలుగు పెన్నీలూ అమ్మకిచ్చాడా,
మధ్యలో ఎక్కడైనా ఆగాడా?

ఏడుస్తాననుకున్నాను. నవ్వొచ్చింది.
కప్పులో ఒక గబ్బిలం సర్దుకుంది.

బయట సమాధుల మధ్య గొర్రెలు మేస్తున్నాయి.
ప్రాసర్ల రాయి ఒక్కటీ లేదు.
రాయికి డబ్బు కావాలి.
నాచు గోకి చదవడానికి తెచ్చుకున్న బ్రష్
సంచీలోంచి తీయనే లేదు.

బస్సుకి వెళ్ళే దారిలోనే ఎనిడ్ ఇల్లు.
పెరటి కంచె అడుగున జానెడు సందు కోసి ఉంది,
దాని పక్కన సాసర్లో నీళ్ళు.
"ముళ్ళపందులకి" అంది.
"ఈ మధ్య రావడమే మానేశాయి.
నిరుడు ఒక్కటంటే ఒక్కటి."

నేనేమీ అనలేదు.
కుక్కను పిలవడానికి ఆమె అటు తిరిగినప్పుడు
పర్సులో వెతికితే
ఐదు పెన్నీల బిళ్ళ తగిలింది.
సాసర్ పక్కన మట్టిలో నొక్కాను,
కాస్త గట్టిగానే.

నాలుగు అసలు.
ఒకటి వడ్డీ.